పనసతొన రంగు చొక్కా

చంద్రరావుగారి జుట్టు నల్లగా ఉంటుందండి. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంత నల్లటి జుట్టేంటండీ అని ఎవరైనా అడిగితే, "మా వంశంలో నెరుపు లేదండి. గుంటగలగరాకు నూనె రాస్తాను, పొద్దున్నే చన్నీళ్లు పోసుకుంటాను, అంతే" అంటాడాయన. అడిగినవాళ్లు తలూపి ఊరుకుంటారు. నెలకోసారి, ఊరంతా అన్నం తిని నడుం వాల్చిన వేళ చూసుకుని, ఆయన లోవరాజు సెలూన్లోకి వెనక గుమ్మంలోంచి దూరతాడన్న సంగతి ఇద్దరికే తెలుసని ఆయన నమ్మకం. ఒకరు తను, రెండోవాడు లోవరాజు. ఇంట్లో తలగడ గలీబులు ఉతికే మనిషి ఒకావిడ ఉంది కదా, ఆవిడకీ కళ్లున్నాయి కదా అని ఆయనకెప్పుడూ తట్టలేదు. మగాళ్ల తెలివి అంతే, ఏం చేస్తాం.

ఆ సోమవారం మధ్యాహ్నం కూడా అలాగే దూరాడు. కాకపోతే ఆవేళ ఒంటిమీద కొత్త చొక్కా ఉంది. ఆ చొక్కా సంగతి ముందు చెప్పాలి.

అది ఆయన బావమరిది జానకిరామ్ పెట్టిన బట్ట. జానకిరామ్ అంటే ఆయన భార్య రత్నమాణిక్యంగారికి ఒక్కగానొక్క తమ్ముడు. జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోటలున్నాయి. ఎనిమిదేళ్లుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు, రాకపోకల్లేవు, ఫోన్లు కూడా లేవు. దీపావళి వెళ్లిన రెండోరోజున అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకి వండి పెడతారు కదండీ, ఆ రోజున ఆవిడ ఏటా గుమ్మడికాయ పులుసు వండేది. తమ్ముడికి ఇష్టమని. అది మొగుడికి వడ్డించి, తను మాత్రం మజ్జిగన్నం తిని లేచేది. చంద్రరావుగారు ఆ పులుసు ఎనిమిదేళ్లూ తలొంచుకుని తిన్నాడు. ఒక్కసారీ రుచి తెలీలేదు.

అలాంటిది కిందటి నెల్లో ఓ పొద్దున్న జానకిరామ్, పెళ్లాం సూర్యకళని వెంటబెట్టుకుని కారు దిగి, పళ్లెంలో పళ్లూ తాంబూలం బట్టలూ పట్టుకుని సరాసరి లోపలికొచ్చేశాడు. కూతురు దుర్గాశ్రీకి ఓణీల ఫంక్షనట. "మేనత్త లేకుండా ఎలా చేస్తామక్కా" అన్నాడు. రత్నమాణిక్యంగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి, డబ్బాలో ఉన్న సున్నుండలన్నీ తినిపించేసింది. వెళ్తూ వెళ్తూ జానకిరామ్ షర్టు బిట్టు చంద్రరావుగారి చేతిలో పెట్టి, "ఇది కుట్టించుకుని వేసుకు రావాలి బావగారూ. మీరు దీంతో మా గుమ్మంలో కనపడితే, మనసులో ఏమీ పెట్టుకోలేదని మా వాళ్లందరికీ తెలుస్తుంది" అన్నాడు.

ఆ నెలంతా రత్నమాణిక్యంగారి కాలు నేలమీద లేదు. వీధిలో వినేవాళ్లకీ విననివాళ్లకీ కూడా మా తమ్ముడు, మా తమ్ముడు అని చెప్పుకుంది. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి, "ఏం తిన్నావురా?" అని అడిగేది. నలభై ఎనిమిదేళ్ల వాడు, ఇడ్లీ అక్కా, ఉప్మా అక్కా అని చెప్పేవాడు. ఈ చొక్కా మీద ఆ ఇంటి శాంతి మొత్తం ఆధారపడి ఉందని చంద్రరావుగారికి బాగా తెలుసు.

సోమవారం పొద్దున్న టైలర్ ఏసుపాదం చొక్కా ఇచ్చి, "ఓసారి వేసుకు చూసుకోండి" అన్నాడు. వేసుకున్నాయన మళ్లీ విప్పితే ఒట్టు. పండిన పనసతొన రంగు, మీద సన్నటి ఆకుపచ్చ గీత. అద్దం ముందు ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. "ఏం సెలక్షనయ్యా! మా జానకిరామ్‌కి ఇంత టేస్టుందని ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు. ఏసుపాదం ఏదో అనబోయి, మానేసి, మిషన్ మీదకి వంగాడు.

సెలూన్లో లోవరాజు గిన్నెలో రంగు కలుపుతూ, "చొక్కా విప్పి ఆ కొక్కేనికి తగిలించండి చంద్రరావుగారండి" అన్నాడు.

"విప్పితే ఎలాగయ్యా? తలా చొక్కా కలిపి అద్దంలో చూసుకోవద్దూ?"

"తరవాత వేసుకుని చూసుకోవచ్చు కదండి."

"నువ్వు గుడ్డ కప్పవయ్యా. నేను కదిలితే అడుగు."

లోవరాజు మెడ చుట్టూ గుడ్డ కప్పాడు. కాలరు కనపడట్లేదని చంద్రరావుగారు కాస్త దింపించాడు. జేబు కనపడట్లేదని మరికాస్త దింపించాడు. చివరికి ఆ గుడ్డ ఒళ్లో తువ్వాల్లా మిగిలింది. పెద్దాయన్ని కాదనలేక లోవరాజు ఊరుకున్నాడు. ఎడమవైపు పూత పూర్తయింది. కుడివైపుకి తిరిగి వస్తూ, నోరు మూసుకుని తన పని తను చేసుకోవచ్చు కదా, "అసలు మీ బావమరిదిగారితో మాటలెందుకు పోయాయండీ?" అని అడిగాడు.

ఇక చూడండి.

"ఎందుకా? వాడి గృహప్రవేశమయ్యా! పెద్ద బావగారి హోదాలో వెళ్లాం. వాడికి బట్టలు పెట్టాం. ఆ సూర్యకళ ఏంచేసిందో తెలుసా? నలుగురి ముందూ కవరు విప్పి, షర్టు బిట్టు పైకెత్తి చూపించి, 'ఇది వేసుకుంటే ఈయన చుట్టూ ఈగలు ముసురుతాయి వదినగారూ' అంది. పందిరంతా ఒకటే నవ్వు. ఈగలేంటి, ఎందుకు ముసురుతాయి? ఆ మాటకి అర్థమేంటో నాకు ఇప్పటికీ తెలీదనుకో. నేనప్పుడు భోజనం దగ్గర ఉన్నాను. పప్పన్నం కలుపుతున్నాను. వెంటనే ఏంచేశాను?"

"ఏంచేశారండి?"

"విస్తరి ముందు నుంచి ఇలా లేచి..."

లేచాడండి. నిజంగానే కుర్చీలోంచి ఎగిరి లేచాడు. భుజం వెళ్లి లోవరాజు చేతిలోని గిన్నెకి తగిలింది. గిన్నె గాల్లో ఓ పల్టీ కొట్టి, పనసతొన రంగు చొక్కా మీద, సరిగ్గా జేబు పక్కన, బోర్లా పడింది. నల్లటి ముద్ద మెల్లిగా కిందకి జారడం ఇద్దరూ అద్దంలో చూశారు.

ఇంకోచోట అయితే ఈపాటికి చొక్కాలు పట్టుకునేవాళ్లు. మా వైపు అలా జరగదు. మర్యాదలు అడ్డొస్తాయి.

"గిన్నె అంత దగ్గరగా పట్టుకోవడం నాదే తప్పండి" అన్నాడు లోవరాజు.

"ఎంతమాట! లేచింది నేను కదయ్యా."

"లేచేలా అడిగింది నేనండి."

"అడిగితే మాత్రం, కూర్చుని చెప్పలేనా? పైగా నువ్వు చొక్కా విప్పమన్నావు."

"గట్టిగా అనలేదండి. గట్టిగా అనాల్సింది."

"గట్టిగా అంటే నాకు కోపం వచ్చేదయ్యా."

"వస్తే పడేవాణ్ణండి. తప్పు నాదే."

"నాదంటుంటే!"

ఇలా తప్పు నాదంటే నాదని ఇద్దరూ లాక్కుంటుంటే, అక్కడ రంగు గుడ్డలోకి హాయిగా ఇంకిపోయింది. రంగు ప్యాకెట్ మీద రాసే ఉంది, నిమిషాల్లో పట్టేస్తుందని. కంపెనీవాళ్లు అబద్ధం రాయలేదు.

అప్పుడు మేలుకున్నారు ఇద్దరూ. చొక్కా విప్పి కుళాయి కింద పెట్టారు. నిమ్మకాయ రుద్దారు. గారెంత ఉన్న మరక అట్టంత అయింది. పళ్లపేస్టు రుద్దారు, పక్కన బూడిదరంగులో ఓ అంచు కూడా వచ్చింది. లోవరాజు పెళ్లాం వీరదుర్గ పక్క గదిలో లేడీస్ పార్లర్ నడుపుతుంది. ఆవిడ గోళ్లరంగు తుడిచే మందు పట్టుకొచ్చి దూదితో అద్దింది. ఈసారి మరక దిబ్బరొట్టంత అయి, దాని మధ్యలో తెల్లటి కన్నొకటి తెరుచుకుంది. "ఇంకేం చెయ్యకండి, దణ్ణం పెడతాను" అన్నాడు చంద్రరావుగారు. చివరికి ఆయన బనీనుతో, లోవరాజు తడి చేతులతో, కుర్చీల్లో చతికిలబడ్డారు.

అప్పటికి గానీ తల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కడిగి చూస్తే ఎడమవైపు నిగనిగలాడుతోంది. కుడివైపు నెరిసిన వెంట్రుకలు ఫ్యాను గాలికి అమాయకంగా ఊగుతున్నాయి. ఉన్న రంగంతా చొక్కాకే సరిపోయింది. ఆ షేడు రామచంద్రపురంలో తప్ప దొరకదు. మర్నాడు మంగళవారం, లోవరాజుకి సెలవు. కత్తీ పట్టడు, బ్రష్షూ పట్టడు, ఎవరు చెప్పినా వినడు.

"బుధవారం పొద్దున్నే కుడివైపు పూర్తిచేసేస్తానండి. ఫంక్షను గురువారం కదండి. చొక్కా కూడా నా పూచీ. అదే గుడ్డ, అదే రంగు, ఎక్కడున్నా పట్టుకొచ్చి ఏసుపాదంతో కుట్టిస్తాను. ఏసుపాదం దగ్గర మిగిలిన ముక్క ఉంటుంది. అమ్మగారికి తెలియనివ్వకండి" అన్నాడు లోవరాజు.

చంద్రరావుగారు తలకి తువ్వాలు చుట్టుకుని, లోవరాజు చొక్కా ఒకటి తొడుక్కుని, పాడైన చొక్కా సంచిలో పెట్టుకుని, వెనక గుమ్మంలోంచే ఇంటికి పోయాడు. తువ్వాలేంటని పెళ్లాం అడిగితే నూనె పెట్టానన్నాడు. ఆ చొక్కా ఎవరిదంటే, ఏసుపాదం కొలత చూసుకోమని ఇచ్చాడన్నాడు. ఆవిడ ఊఁ అని, సున్నిపిండి విసురుకోడానికి వెళ్లిపోయింది. అన్నం సహించలేదు ఆయనకి. ఆ చొక్కా లేకుండా వెళ్తే బావమరిది ఏమనుకుంటాడన్నది కాదు ఆయన బెంగ. వచ్చే దీపావళికి మళ్లీ ఆ పులుసు తను ఒక్కడే తినాలేమోనని భయం.

మంగళవారం పొద్దున్నే ఏసుపాదం దగ్గర ముక్క తీసుకుని, లోవరాజు బండి మీద ఇద్దరూ రామచంద్రపురం వెళ్లి, తలరంగు కొనుక్కుని, బట్టల కొట్లు పట్టారు. మొదటి కొట్లో గుడ్డముక్క చూసి, "ఈ రంగాండీ? రాదండీ" అన్నారు. రెండో కొట్లో, "దీనికి బదులు మంచిది చూపిస్తాను" అన్నారు. ఆ 'మంచిది' అన్న మాట చంద్రరావుగారికి అస్సలు నచ్చలేదు. మూడో కొట్లో ఆ ముక్క చూసి ఒకాయన నవ్వాడు. నవ్విన చోట ఇక నిలబడకూడదని చంద్రరావుగారు బయటికొచ్చేశాడు. ఎండలో తువ్వాలు తలకి అంటుకుపోయి, చెమట చెవుల్లోకి కారుతోంది.

నాలుగోది హరిబాబు కొట్టు. హరిబాబు పాతికేళ్లుగా చంద్రరావుగారికి తెలుసు. "తలకేమైందండీ, దెబ్బా?" అని అడిగాడు. "ఎండ" అన్నాడు చంద్రరావుగారు. హరిబాబు కళ్లజోడు పెట్టుకుని, గుడ్డముక్కని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది మా సరుకేనండి" అన్నాడు.

లోవరాజు రెండు చేతులూ పైకెత్తి అన్నవరం సత్యనారాయణస్వామికి దణ్ణం పెట్టేశాడు. "ఒక్క బిట్టు ఇప్పించండి, మీకు పుణ్యముంటుంది."

"ఎక్కడుందండీ? ఆ తానులోంచి పోయిందే ఒక్క బిట్టు. ఆర్నెల్లు చూసి, ఇంకెవరూ ముట్టుకోకపోతే, మిగతా తాను కంపెనీకి తిప్పి పంపేశాను. ఆ ఒక్కటైనా పోయిందని అప్పట్లో మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను."

"ఆ కొన్న మహానుభావుడెవరండీ? ఆయన్నే బతిమాలుకుంటాం" అన్నాడు లోవరాజు.

హరిబాబు కళ్లజోడు మీంచి చంద్రరావుగారి వంక అదోలా చూశాడు. "అదేంటండీ, మీరేగా! ఎనిమిదేళ్ల కిందట, మీ బావమరిదిగారి గృహప్రవేశమని హడావిడిగా వచ్చారు. ఈ రంగు వద్దండీ అని నేను చెబుతూనే ఉన్నాను. 'పనసతొన రంగయ్యా, ఎంత కళగా ఉంది' అని మీరే పట్టుకెళ్లారు."

చంద్రరావుగారు గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. పనసతొన. ఈగలు. ఎనిమిదేళ్లు అర్థంకాని మాట ఒక్క క్షణంలో అర్థమైపోయింది. అవమానం ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నాడు గానీ, ఆ గుడ్డ ఏ రంగో ఒక్కనాడూ గుర్తుపెట్టుకోలేదు. తను పెట్టిన గుడ్డ, వాళ్లు వెక్కిరించిన గుడ్డ, తిరిగి తనకే పళ్లెంలో పెట్టి ఇచ్చారు. అది వేసుకుని అద్దం ముందు నెమలిలా తిరిగింది ఎవరు? తనే!

"తస్సాదియ్యా" అన్నాడు. దారిపొడుగునా అదే అన్నాడు. వెనక్కి తిరిగి ఏదో సర్దిచెప్పబోయిన లోవరాజు రెండుసార్లు కాలవలోకి పోనిచ్చినంత పని చేశాడు.

ఇంటికెళ్లేసరికి సాయంత్రం నాలుగైంది. రత్నమాణిక్యంగారు నడవాలో కూర్చుని, తమ్ముడింటికి పట్టుకెళ్లే పూతరేకులు ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి డబ్బాలో సర్దుతోంది. దాచాల్సింది దాచాలన్న సంగతే మర్చిపోయాడు చంద్రరావుగారు. సంచిలోంచి చొక్కా తీసి ఆవిడ ముందు పడేశాడు.

"చూశావా మీ తమ్ముడి నిర్వాకం? ఇది మనం పెట్టిన గుడ్డే! మన మొహానే కొట్టాడు! హరిబాబు చెప్పాడు! నేను రాను. నువ్వూ వెళ్లడానికి వీల్లేదు. ఆ గుమ్మం తొక్కితే..."

చెయ్యి అంత ఎత్తున విసిరాడు. తువ్వాలు ఊడి భుజం మీదకి, అక్కణ్ణించి నేలమీదకి జారింది. ఆయన చూసుకోలేదు. సగం నలుపూ సగం తెలుపూ తలతో, ఒంటికాలి మీద ఎగురుతూ, ఇంకో రెండు నిమిషాలు అరిచాడు. రత్నమాణిక్యంగారు పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ ఏడుస్తోందనుకున్నాడు పాపం.

"నాకు తెలుసండి" అంది ఆవిడ, కాస్త తేరుకుని.

"ఏం తెలుసు?"

"అది మన గుడ్డేనని. పళ్లెంలో చూడగానే పోల్చుకున్నాను. మూల నేను పెట్టిన పసుపు బొట్టు కూడా అలాగే ఉంది."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోకేం చెయ్యమంటారు? తెలిసి పెట్టాడో తెలీక పెట్టాడో నాకనవసరం. వాడు పళ్లెం పట్టుకుని మన గడప దాటి లోపలికొచ్చాడు. అది చాలు నాకు. ఆ పళ్లెంలో గోనెపట్టా పెట్టినా కళ్లకద్దుకునేదాన్ని." ఆవిడ చేతిలోని పూతరేకు డబ్బాలో పెట్టింది. "నాకున్నది వాడొక్కడేనండి. ఈసారి కూడా మీరు మధ్యలో లేచి వచ్చేస్తే, నేను ఇంకెవరికీ మొహం చూపించలేను."

చంద్రరావుగారు తువ్వాలు తీసి తలకి చుట్టుకోబోయాడు. "ఇప్పుడెందుకు లెండి, నేను చూసేశాను. రేపు ఆ రెండోవైపు కూడా వేయించుకు రండి" అంది ఆవిడ, మళ్లీ పూతరేకులు చుట్టుకుంటూ. ఆయన పెరట్లోకి పోయి కాసేపు కొబ్బరిచెట్లు చూశాడు.

బుధవారం లోవరాజు కుడివైపు పూర్తిచేశాడు. ఈసారి బనీను కూడా విప్పించి మరీ కూర్చోబెట్టాడు. ఆయనకి మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు. చివర్లో అల్మారాలోంచి జరీ అంచు కండువా ఒకటి తీసి, "అన్నవరంలో వ్రతానికి కొనుక్కున్నానండి, ఒక్కసారే వేసుకున్నాను. ఆ చొక్కా వేసుకుని, దీన్ని ఇలా అడ్డంగా వేసుకోండి. మరక పైకి కనపడదు. ఇది కూడా వద్దంటే నాకు నిద్ర పట్టదండి" అన్నాడు. సంచిలోని చొక్కా తొడిగి కండువా వెయ్యగానే మరక మాయమైంది. వద్దని ఓ మూడుసార్లు మర్యాదకి అని, చంద్రరావుగారు తీసుకున్నాడు.

గురువారం తెల్లారకుండానే బస్సెక్కారు. రాజమండ్రిలో మారి, గోదావరి దాటి, పదిన్నరకల్లా జంగారెడ్డిగూడెంలో దిగారు. దారంతా చంద్రరావుగారు కండువా మీదనుంచి చెయ్యి తియ్యలేదు. "ఏం పర్లేదు, నేనేమీ అనను, తినేసి వచ్చేద్దాం" అని ఆవిడకి నాలుగుసార్లు చెప్పాడు. కానీ ఒక్క అవకాశం దొరికితే ఒక్కమాట అనకుండా ఎలా ఉండగలనని ఆయనకే అనుమానంగా ఉంది.

కళ్యాణమండపం కిటకిటలాడుతోంది. జానకిరామ్ ఎదురొచ్చి ఇద్దరినీ వేదిక మీదకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. మేనత్త చేతుల మీదుగా పిల్లకి ఓణీ వేయించాడు. రత్నమాణిక్యంగారి కళ్లు అప్పటికే తడిసిపోయాయి. అంతవరకూ అంతా బాగానే ఉంది. అప్పుడు పంతులుగారు, "మేనత్త దంపతులకి సత్కారం" అన్నాడు.

సత్కారమంటే కండువా కప్పడం. కొత్త కండువా కప్పాలంటే పాతది తియ్యాలి. ఈ ముక్క లోవరాజుకీ తట్టలేదు, చంద్రరావుగారికీ తట్టలేదు. సూర్యకళ కొత్త కండువాతో దగ్గరికి రాగానే ఆయన పాతదాన్ని రెండు చేతులా పట్టుకుని, "ఉండనీయమ్మా, ఉండనీ, దీని మీదే కప్పెయ్యి" అంటూనే ఉన్నాడు. "అయ్యో, అదేంటన్నయ్యగారూ, మొహమాటపడతారు" అంటూ సూర్యకళ చనువుగా ఆ కండువా లాగేసింది.

దిబ్బరొట్టంత నల్లటి మరక. మధ్యలో తెల్లకన్ను. మూడు వందల మంది చూశారు.

సూర్యకళ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇంత మరకేంటన్నయ్యగారూ..." అంటూ దగ్గరగా వంగి చూసింది. మరకని చూసి, గుడ్డని చూసింది. ఆ రంగు చూసింది. ఆవిడకి అప్పుడు గుర్తొచ్చిందండి. బీరువాలోంచి చేతికందింది తీసి పళ్లెంలో పెట్టేసింది తప్ప, అదేంటో ఈ నిమిషం దాకా ఆ మనిషి చూసుకోలేదు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఈ గుడ్డ..." అంది.

ముందు వరసలో కూర్చున్న సూర్యకళ పెద్దమ్మ ఒకావిడ, చెవుడు కాబట్టి అందరికీ వినపడేలా, "ఇదేనా మీరు పెట్టిన బట్ట? ఆడపడుచు మొగుడికి మరకలున్న గుడ్డ పెడతారటే? ఇంత బతుకూ బతికి ఇదేం పనే!" అంది. అక్కడక్కడా గుసగుసలు మొదలయ్యాయి. జానకిరామ్ తల దించుకున్నాడు. తన ఊళ్లో, తన కూతురి ఫంక్షన్లో, తన వాళ్లందరి మధ్యా పరువు పోతుంటే చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

చంద్రరావుగారికి విషయం తెలిసొచ్చింది. ఇంక తను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఒక్క మాట అనక్కర్లేదు, విస్తరి ముందు నుంచి లేవక్కర్లేదు. ఊరికే, నోరు మూసుకుని, మర్యాదగా నిలబడితే చాలు. ఎనిమిదేళ్ల కసి దానంతటదే తీరిపోతుంది. ఎవరూ ఆయన్ని తప్పు కూడా పట్టరు. లోపల ఎక్కడో చల్లగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

పక్కకి చూశాడు. రత్నమాణిక్యంగారు ఆయన వంక చూడట్లేదు. తమ్ముడి వంక చూస్తోంది.

"అమ్మా, పెద్దమ్మగారూ" అన్నాడు చంద్రరావుగారు. గొంతు సవరించుకున్నాడు. "గుడ్డకేం తప్పు లేదండి. మా బావమరిది పెట్టింది బంగారంలాంటి గుడ్డ. నా తలే నెరిసిపోయింది."

"ఏంటీ?" అంది పెద్దావిడ.

"తల నెరిసిందండీ! జుట్టుకి రంగేయించుకుంటాను! పదేళ్ల నుంచీ వేయించుకుంటున్నాను, ఎవరికీ తెలియకుండా! మొన్న సెలూన్లో కుదురుగా కూర్చోలేక, ఆ రంగు గిన్నె నా మీదే బోర్లించుకున్నాను! ఈ మరక గుడ్డది కాదండి, నా నెత్తిది!"

తరవాత ఎక్కడో వెనక ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, మండపమంతా నవ్వు లేచింది. పంతులుగారు మంత్రాల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సూర్యకళ నవ్వబోయి ఏడ్చేసి, ఏడుపులోంచి మళ్లీ నవ్వి, "క్షమించండి అన్నయ్యగారూ, అన్నిటికీ" అంది. ఆ 'అన్నిటికీ' ఏంటో ఆవిడకీ ఆయనకీ తప్ప ఇంకెవరికీ అర్థం కాలేదు. జానకిరామ్ పొట్ట పట్టుకుని వేదిక మెట్ల మీద కూర్చుండిపోయాడు.

అప్పుడు వీడియో తీసే ఫిన్నీ అనే ఆయన కెమెరా దించి, మైకు పట్టుకుని వేదిక ఎక్కాడు. "సార్, ఏమీ అనుకోకండి. మైకు ఆఫ్‌లో ఉందండి, మీ మాట పడలేదు. చాలా బాగుంది సార్. మొదట్నుంచి మళ్లీ ఓసారి చెప్పండి."

చంద్రరావుగారు ఆయన్ని కాల్చేసేలా చూశాడు. మూడు వందల మంది ఎదురుచూస్తున్నారు. పక్కన రత్నమాణిక్యంగారు మెట్ల మీదకి దిగి, తమ్ముడి భుజం మీద తల వాల్చి, ఊపిరాడకుండా నవ్వుతోంది. ఎనిమిదేళ్లలో ఆవిడ అలా నవ్వగా ఆయన చూడలేదు.

మైకు అందుకున్నాడు. రెండుసార్లు ఊదాడు.

"అందరికీ నమస్కారమండి" అన్నాడు. "నేను జుట్టుకి రంగేయించుకుంటానండి." ఆ తరవాత సంగతంతా, బయట చెప్పులు విప్పుకుంటున్నవాళ్లకి కూడా వినపడేలా, మొదట్నుంచీ చెప్పాడు.